ఐదున్నర గంటల తేడా

ధ్యానమునకు: యెహోషువ 22వ అధ్యాయము, సామెతలు 18:13



సాక్ష్యం అనగానే దేవుడు మనకు చేసిన మేళ్లు చెప్పుకోవడమే అనుకుంటాం. దేవుడు మనలను సరిదిద్దిన సంగతి చెప్పడం కూడా సాక్ష్యమే. ఈ నెల నేను చెప్పబోయేది అటువంటిది. మా సంఘంలోని ఒక యౌవనస్థుని మీద దొంగతనం నింద పడుతుంటే నేను పక్కనే కూర్చుని నోరు మెదపలేదు. అతడు నిరపరాధి అని చెప్పగల సాక్షిని నేనొక్కడినే. అంతా జరిగింది ఒక కంప్యూటరు గడియారం దగ్గర.

నాది నందికొండ. బయటి వారికి నాగార్జునసాగర్ అంటే తెలుస్తుంది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు పునాదిరాయి పడిన తరువాత నలుదిక్కుల నుండి పనికి వచ్చిన మేస్త్రీల, కూలీల పిల్లలు, మనుమలే మా సంఘంలో చాలామంది. మిగిలినవారు చుట్టుపక్కల పల్లెల్లో వరి, పత్తి పండించుకునే రైతులు. మందిరం పక్క గదిలో మాకొక పాత కంప్యూటరు ఉంది. పట్నంలో ఉద్యోగం చేసే ఒక సహోదరుడు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని సంఘానికి ఇచ్చాడు. అందులో విండోస్ 7 ఉండేది. 2020 జనవరి 14తో దానికి భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది. కొత్త విండోస్ వేస్తే ఆ ముసలి యంత్రం మోయలేదు.

కరోనా రోజులు గడిచి మందిరాలు మళ్లీ తెరచుకున్నాక, మా యౌవనస్థుల సహవాసంలోని ఒక తమ్ముడు నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, లినక్స్ వేసుకుందాం. పైసలు కట్టే పని లేదు. దొంగ కాపీ పెట్టుకున్నామన్న పాపం కూడా ఉండదు" అన్నాడు. ఆ చివరి మాట నాకు నచ్చింది. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని అది. తరువాత ఎన్నో దేశాలవారు చేతులు కలిపి పెంచారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలుగులో కూడా పెట్టుకోవచ్చు.

ఆ తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, విండోస్‌ను పూర్తిగా తుడిచి, లినక్స్ ఒక్కటే వేశాడు. ఆ గదిలో అప్పటికి ఇంటర్నెట్ లేదు. రెండు గంటల్లో పని అయింది. తెరమీద తెలుగు అక్షరాలు కనబడగానే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఆ దినము నుండి కానుకల లెక్క, సభ్యుల పట్టిక, ఆరాధన క్రమాలు అన్నీ అందులోనే. లెక్కలు ఆ తమ్ముడే వ్రాసేవాడు. గది తాళంచెవి ఒకటి నా దగ్గర, ఒకటి అతని దగ్గర ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నేను అక్కడ కూర్చుని ఉండగా, తెర మూలన ఉన్న గడియారం ఆరున్నర చూపిస్తోంది. "మన కంప్యూటరుకు తొందరెక్కువైంది తమ్ముడూ, ఒంటిగంటకే ఆరున్నర అంటున్నది" అని నవ్వాను. అతడూ నవ్వి, "సరిచేయాలె అయ్యగారూ" అన్నాడు. గోడమీద గడియారం ఉన్నది గదా అని ఇద్దరం ఊరుకున్నాం. క్రిస్మసుకు ముందు గదిలోకి ఇంటర్నెట్ వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే గడియారం దానంతటదే సరి అయింది. ఆ సంగతి కూడా నేను పట్టించుకోలేదు.

అర్ధరాత్రి రెండు గంటల పది నిమిషాలు

ఈలోగా నవంబరులో మా కోత పండుగ జరిగింది. పల్లె సంఘాల వారికి ఆ పండుగ సంగతి చెప్పనక్కరలేదు. ఒకరు వడ్ల బస్తా తెస్తారు, ఒకరు గుమ్మడికాయలు, ఒకరు కోడిపుంజు, ఒకరు మేకపోతు. ఆరాధన తరువాత వాటిని వేలం వేస్తాం. పాట పాడినవారిలో కొందరు అప్పుడే డబ్బు ఇస్తారు, కొందరు పత్తి పైసలు వచ్చాక ఇస్తామంటారు. సాయంకాలపు ఆరాధన కూడా అయ్యాక ఆ తమ్ముడు కూర్చుని లెక్క కంప్యూటరులో ఎక్కించి, గదికి తాళం వేసి ఇంటికి వెళ్లాడు.

జనవరిలో సంవత్సరపు లెక్కలు చూసే దినము వచ్చింది. సంఘ పెద్దలలో ఒకరు కోత పండుగ మొత్తం చూసి, "నాకు గుర్తున్న దానికంటే మూడు వేల నాలుగు వందలు తక్కువున్నది" అన్నారు. ఆయన వేలంపాట దగ్గర నిలబడి నోటితో కూడిక వేసుకున్న మనిషి. మరొకరు ఆ లెక్క ఫైలు చివరిసారి ఎప్పుడు మార్చారో చూద్దామన్నారు. చూశాం. సోమవారం, రాత్రి 2 గంటల 10 నిమిషాలు అని ఉంది.

గదిలో ఒక్కసారి మాటలు ఆగిపోయాయి. పండుగ ఆదివారం. సోమవారం తెల్లవారుజామున రెండు గంటలకు మందిరంలో ఎవరికి ఏమి పని? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

"నేను రాత్రి రాలేదయ్యగారూ. ఆదివారం ఎనిమిదిన్నర దాటినంక ఎక్కించి పోయిన. అప్పుడు గడియారం తప్పుండె" అన్నాడు ఆ తమ్ముడు. పెద్దాయన తెర మూలకు వేలు చూపించి, చేతి గడియారంతో పోల్చి చూసుకున్నారు. ఒక్క నిమిషం కూడా తేడా లేదు. "గడియారం మంచిగనే ఉన్నది గద బిడ్డా" అన్నారు. "మొత్తం లెక్క రెండో పేజీల ఉన్నది, అదొకసారి చూడుండ్రి" అని అతడు అంటుంటే, "ముందు రాత్రి సంగతి చెప్పు" అన్నారు.

అప్పుడు అతడు నావైపు చూశాడు. ఒంటిగంటకు ఆరున్నర చూపిన సంగతి నాకు లీలగా గుర్తుకొచ్చింది. కాని పెద్దలముందు నిశ్చయంగా చెప్పగలనా? ఇప్పుడు గడియారం సరిగ్గా ఉంటే, నాటి ఫైలు మీది ముద్ర కూడా సరిగ్గానే ఉండాలి గదా? అతనిని వెనకేసుకొస్తున్నానని అనుకుంటారేమో? ఇలా ఆలోచిస్తూ ఊరుకున్నాను. అతడు తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు ఆదివారాలు మందిరానికి రాలేదు. డోలక్ వాయించేవాడు లేక పాటలు చప్పగా సాగాయి. నేను మాత్రం ప్రసంగాలు చేస్తూనే ఉన్నాను.

నా ఫైలే నాకు సాక్ష్యం

ఫిబ్రవరిలో మా సంఘంలో ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన క్రమం తయారు చేయడానికి, నవంబరులో మరొక తాతగారి కోసం నేను టైపు చేసిన పాత క్రమాన్ని తెరిచాను. ఆ ఫైలు పేరు పక్కన ఉన్న సమయం మీద నా కన్ను పడింది. రాత్రి 7 గంటలు.

నా గుండె ఝల్లుమంది. ఆ తాతగారి భూస్థాపన నాకు బాగా గుర్తుంది. ఆ దినము మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఈ కుర్చీలోనే కూర్చుని, నా చేతులతో ఆ క్రమం ముగించాను. మూడింటికి ఆరాధన. ఐదింటికల్లా సమాధి మీద మట్టి వేసి ప్రార్థన చేసి వచ్చాం. భూస్థాపన అయిన రెండు గంటల తరువాత భూస్థాపన క్రమం ఎవరు వ్రాస్తారు? ఒంటిగంటన్నరకూ ఏడు గంటలకూ మధ్య ఐదున్నర గంటలు. ఒంటిగంటకూ ఆరున్నరకూ మధ్య కూడా ఐదున్నర గంటలే. రాత్రి 2 గంటల 10 నిమిషాల నుండి ఐదున్నర గంటలు వెనక్కి లెక్కపెట్టాను. ఆదివారం రాత్రి 8 గంటల 40 నిమిషాలు వచ్చింది. ఆ తమ్ముడు చెప్పిన సమయం అదే.

తరువాత తెలిసినవారిని అడిగి, చదివి, ఇది ఎలా జరిగిందో నేర్చుకున్నాను. బైబిలు చదివే మనకు ఇది సులభంగానే అర్థమవుతుంది. మత్తయి 27:45 మూలభాషలో ఆరవ గంట మొదలు తొమ్మిదవ గంట వరకు చీకటి కమ్మెనని ఉంది. యూదులు పగటి గంటలను సూర్యోదయం నుండి లెక్కించేవారు కనుక ఆరవ గంట అంటే మన మధ్యాహ్నం, తొమ్మిదవ గంట అంటే మన మూడు గంటలు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ లెక్కను మనకు తెలిసిన గంటల్లోకి మార్చి ఇచ్చారు. ఎవరైనా మూలంలోని అంకె మాత్రం చూసి, సాయంత్రం ఆరింటికి అని చెబితే అంకె తప్పు కాదు, లెక్క మొదలుపెట్టిన చోటు తప్పు.

మా కంప్యూటరులో జరిగింది అచ్చంగా అదే. ప్రతి కంప్యూటరు లోపల, కరెంటు లేనప్పుడు కూడా తిరిగే చిన్న గడియారం ఉంటుంది. రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ దానిని నడిపిస్తుంది. విండోస్ ఆ గడియారంలో మన దేశపు సమయాన్నే ఉంచుతుంది. లినక్స్ సామాన్యంగా అందులో లోకమంతటికీ ఒకటిగా ఉన్న యూటీసీ సమయం ఉన్నదని ఎంచి, మన దేశానికి ఐదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. విండోస్‌ను తుడిచి లినక్స్ ఒక్కటే వేసినప్పుడు, లోపలి గడియారం మాత్రం విండోస్ ఉంచిన మన సమయంలోనే తిరుగుతూ ఉంది. లినక్స్ దానికి ఇంకొక ఐదున్నర గంటలు కలిపింది. ఇంటర్నెట్ ఉండి ఉంటే వెంటనే సర్దుకునేది. మా గదిలో అది లేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. గడియారం సరి అయినంత మాత్రాన, తప్పు సమయంలో పడిన పాత ముద్రలు సరికావు. జనవరిలో మేము తెర మూలన చూసిన సమయం నిజం, ఫైలు మీద చూసిన సమయం అబద్ధం. రెండూ ఒకే కంప్యూటరులో పక్కపక్కనే ఉన్నాయి.

సమయమన్నది కొండమీద నిలిచిన రాయిలాంటిదని నేను అనుకునేవాడిని. మన దేశంలో అందరికీ ఒకే సమయం అన్న ఏర్పాటు 1906 జనవరి 1న మొదలయింది. అంతకుముందు రైళ్లు మద్రాసు సమయం చొప్పున నడిచేవి, కలకత్తాకు, బొంబాయికి వేరే సమయాలుండేవి. ఇప్పటి మన సమయం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖ మీది సూర్యుని బట్టి కట్టినది. ఆ రేఖకు మా నందికొండ పడమరగా ఉన్నది కనుక, మన గడియారం పన్నెండు కొట్టిన తరువాత సగటున పదమూడు నిమిషాలకు గాని సూర్యుడు మాకు నడినెత్తికి రాడు. సూర్యునికీ గోడ గడియారానికీ మధ్యనే ఇంత తేడా ఉండగా, తెరమీది నాలుగు అంకెలను నమ్మి ఒక మనిషిని నేను విడిచిపెట్టాను.

అడగని ప్రశ్న

ఆ సాయంత్రమే పైలాన్ కాలనీలోని వారింటికి వెళ్లాను. తల్లి మంచం వాల్చి కూర్చోమంది. సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అయ్యగారూ, పండుగ రాత్రి నాకు జొరమొచ్చె. వాడు రెండుసార్లు లేసి నీళ్లిచ్చిండు. వాడు ఏడున్నడో నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా?" అంది. నేను తల వంచుకున్నాను.

ఆ తమ్ముడు వాకిట్లోనే నిలబడ్డాడు. "ఒంటిగంటకు ఆరున్నర చూపిస్తున్నదని మీరే నాతోని అన్నరు గదయ్యగారూ. ఆ దినం నేను మీ మొఖం దిక్కే చూసిన" అన్నాడు. ఇరువది యేండ్లుగా నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ ఒక్క మాటంత బలమైన ప్రసంగం నేను చేయలేదు.

ఇద్దరం మందిరానికి వచ్చి అదే ఫైలు తెరిచాం. అతడు చూడమన్న రెండవ పేజీ చూశాను. వేలంపాటలో ఇంకా డబ్బు చెల్లించనివారి వివరం అక్కడ ఉంది. మేకపోతు, వడ్ల బస్తా, రెండు పుంజులు. మొత్తం మూడు వేల నాలుగు వందలు. నయాపైసా పోలేదు.

యెహోషువ 22వ అధ్యాయంలో యొర్దాను అవతలి గోత్రాలవారు ఒక బలిపీఠం కట్టారు. ఇవతలివారు అది తిరుగుబాటని తలచి యుద్ధానికి కూడుకున్నారు. కాని కత్తి దూయకముందు యాజకుడైన ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగించారు. అది బలులకు కాదు, మేమూ యెహోవా జనులమే అనడానికి సాక్ష్యంగా కట్టుకున్నామని వారు చెప్పారు. అడిగారు కనుక యుద్ధం తప్పింది. మేము మాత్రం కంటికి కనబడినదాన్ని నమ్మి, ప్రశ్న అడిగి జవాబు వినలేదు. పెంతెకొస్తు దినాన శిష్యులు తాగి ఉన్నారని కొందరు అపహసించినప్పుడు, ఇంకా పొద్దెక్కలేదని గడియను చూపించి నింద తొలగించినవాడు పేతురు. లేచి నిలబడి తోటివారి పక్షాన మాట్లాడాడు. నేను కూర్చుండిపోయాను.

ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా ఎంచకూడదని ద్వితీయోపదేశకాండము 19:15 చెబుతుంది. విచిత్రమేమంటే, కంప్యూటరు గడియారాలను సరిచేసే పద్ధతిలో కూడా ఇదే నియమం ఉంది. 1985లో ఆ పద్ధతిని ఏర్పరచినవారు అమెరికా దేశపు ఆచార్యుడు డేవిడ్ మిల్స్. పుట్టుకనుండే ఆయనకు కంటి జబ్బు. చూపు మందగిస్తూ చివరికి పూర్తిగా పోయింది. 2024 జనవరిలో మరణించారు. ఆయన పద్ధతిలో కంప్యూటరు ఒకే గడియారాన్ని నమ్మదు. అనేక గడియారాలను అడిగి, పోల్చి, మిగతావాటితో కలవనిదానిని పక్కన పెడుతుంది. చూపు కరువైన మనిషి యంత్రాలకు నేర్పిన జాగ్రత్త, రెండు కన్నులున్న మాకు లేకపోయింది.

తరువాతి ఆదివారం ప్రభువు బల్ల. బల్ల దగ్గరకు వెళ్లకముందు నేను సంఘమంతటి ఎదుట జరిగినదంతా చెప్పి, ఆ తమ్ముని, అతని తల్లిని క్షమాపణ అడిగాను. నేను కూర్చున్నాక, చెప్పకుండానే మా పెద్దాయన లేచి వెళ్లి అతని చేతులు పట్టుకున్నారు. అతడు మళ్లీ డోలక్ వాయిస్తున్నాడు. కాని లెక్కలు వ్రాయమంటే మాత్రం, "వద్దయ్యగారూ" అంటాడు. తాళంచెవి ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. గడియారం దిద్దుబాటు అయింది గాని, పాత ముద్ర ఒకటి అలాగే ఉంది. దానికి నేను అతన్ని తప్పు పట్టను. ప్రార్థిస్తూ కనిపెడుతున్నాను.

మీ సంఘాల్లో కూడా యౌవనస్థులు పాత కంప్యూటర్లలో లినక్స్ వేస్తున్నట్లయితే ఈ జాగ్రత్తలు తీసుకొనండి. దేశం అడిగినప్పుడు ఇండియా అని ఎంచుకోండి. ఇంగ్లీషు భాష ఎంచుకుని చూడకుండా ముందుకు నొక్కుకుంటూ పోతే కొన్నిటిలో అమెరికా సమయం పడుతుంది. జాబితాలో హైదరాబాదు కనబడకపోతే కంగారు పడవద్దు. మన దేశమంతటికీ కోల్‌కతా పేరే ఉంటుంది. పని ముగిశాక తెరమీది సమయాన్ని చేతి గడియారంతో పోల్చండి. సరిగ్గా ఐదున్నర గంటల తేడా కనబడితే పైన చెప్పిన కారణమే అయి ఉండవచ్చు. ఒక్కసారైనా ఇంటర్నెట్‌కు కలిపి సరిచేయండి. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే లోపలి బ్యాటరీ అయిపోయిందన్నమాట, మార్పించండి. కానుకల లెక్కను కంప్యూటరులో ఎక్కించిన దినమే కాగితం మీద కూడా వ్రాసి, తేదీ వేసి, ఇద్దరు సంతకం పెట్టండి.

అన్నిటికన్నా ముందు, చిన్న తప్పు కంటబడిన దినమే దిద్దండి. నవ్వి ఊరుకోవద్దు. ఎవరిమీదనైనా అనుమానం కలిగితే వారి ఇంటికి నడిచి వెళ్లి అడగండి. హిల్ కాలనీలోని నా గడప నుండి వారింటికి ఎంతో దూరం లేదు. ఆ దారి నడవడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

ప్రభువు మన నాలుకలను, మన మౌనాన్ని కూడా కాపాడును గాక. ఆమేన్.